ప్రోగ్రాము నడుస్తుండగానే ఎక్స్ఛేంజిని డిక్లేర్ చేయడం ఎలా?

యాసంగి వరి కోతలు మొదలవగానే నల్లగొండ జిల్లాలో ఊరూరా ధాన్యం కొనుగోలు కేంద్రాలు తెరుచుకుంటాయి. చివరి లారీ మిల్లుకు వెళ్లిపోగానే మూతపడతాయి. నడిచినన్నాళ్లూ ఒక్కో కేంద్రంలో పొద్దున్నుంచి రాత్రి దాకా కాంటా లెక్కలు, తేమ శాతాలు, ట్రక్ షీట్లు పుడుతూనే ఉంటాయి. ఈ సమాచారాన్ని కేంద్రంలోని కంప్యూటర్ నుంచి నల్లగొండలోని సర్వరుకూ, అక్కడి నుంచి మిర్యాలగూడ మిల్లుల్లోని ప్రోగ్రాములకూ చేర్చే చిన్న వ్యవస్థను మా బృందం నడుపుతోంది. మధ్యలో సందేశాలను అందుకుని పంచిపెట్టే పని ర్యాబిట్‌ఎంక్యూ అనే మెసేజ్ బ్రోకర్‌ది.

కొత్తగా స్థాపించిన బ్రోకర్‌కు మన కేంద్రాల గురించి గానీ, మిల్లుల గురించి గానీ ఏమీ తెలియదు. సందేశాలు వచ్చి చేరే ఎక్స్ఛేంజీలను, అవి నిలువ ఉండే క్యూలను, ఈ రెంటినీ కలిపే బైండింగులను ఎవరో ఒకరు సృష్టించాలి. మేనేజ్‌మెంట్ తెరపై చేత్తో సృష్టించవచ్చు. ఒక డెఫినిషన్ల ఫైలులో రాసి బ్రోకర్ మొదలయ్యేటప్పుడే చదివించవచ్చు. లేదా సందేశాలు పంపే, అందుకునే ప్రోగ్రాములే బ్రోకర్‌కు కనెక్ట్ అయిన వెంటనే తమకు కావలసిన ఎక్స్ఛేంజిని డిక్లేర్ చేసుకోవచ్చు, అంటే ఈ పేరుతో, ఈ లక్షణాలతో ఒక ఎక్స్ఛేంజి ఉండాలని బ్రోకర్‌ను కోరవచ్చు. ఈ మూడో పద్ధతిని తప్పులు లేకుండా అమలు చేయడమెలాగో ఇక్కడ వరుసగా వివరిస్తాను. నేను చెప్పేదంతా ఏఎంక్యూపీ 0-9-1 ప్రోటోకాల్‌కు వర్తిస్తుంది. ఎక్కువ మంది వాడే క్లయింట్ లైబ్రరీలు మాట్లాడేది దానితోనే.

పేర్ల గురించి ముందే ఒక మాట. ఈ వ్యాసంలో ఎక్స్ఛేంజీల పేర్లను, సందేశాల మీది చిరునామాలైన రూటింగ్ కీలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు కోడ్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాసుకోండి. ఎక్స్ఛేంజి పేరుకూ, రూటింగ్ కీకీ ర్యాబిట్‌ఎంక్యూలో గరిష్ఠ పొడవు 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం గానీ, గుణింతపు గుర్తు గానీ ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి ‘మిర్యాలగూడ’ అన్న ఒక్క మాటకే 30 బైట్లు ఖర్చవుతాయి. అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో 11 బైట్లతో సరిపోతుంది.

కొత్త ఎక్స్ఛేంజి నిజంగా అవసరమా?

కోడ్ రాయడానికి ముందే ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోండి, ఎందుకంటే నేను చూసిన చిక్కుల్లో సగం ఇక్కడే పుట్టాయి. ఎక్స్ఛేంజిలో సందేశాలు నిలువ ఉండవు. అది గోదాము కాదు. మార్కెట్ యార్డు గేటు దగ్గర నిలబడి, లారీ డ్రైవరు చేతిలోని చిట్టీ చదివి, ఏ లారీ ఏ వైపు వెళ్లాలో చెప్పే మనిషి వంటిది. నిలువ ఉండేది క్యూలోనే. ఆ చిట్టీ మీద రాసి ఉండే చిరునామాయే రూటింగ్ కీ.

కేంద్రాలు సీజనుతో పాటు పుట్టి పోతుంటాయి కాబట్టి, ఒక్కో కేంద్రానికీ ఒక్కో ఎక్స్ఛేంజిని అప్పటికప్పుడు సృష్టించాలన్న ఆలోచన మొదట ఎవరికైనా వస్తుంది. మాకూ వచ్చింది. కానీ కేంద్రం మారినంత మాత్రాన సందేశాలను పంచే నియమం మారదు, చిరునామా మాత్రమే మారుతుంది. మారే చిరునామాను రూటింగ్ కీలో పెట్టి, మారని నియమానికి ఒకే ఎక్స్ఛేంజిని ఉంచడం సరైన పద్ధతి. మా వ్యవస్థలో ‘ధాన్యం.సమాచారం’ అనే ఒకే టాపిక్ ఎక్స్ఛేంజి, అంటే కీని నమూనాతో పోల్చి పంచే ఎక్స్ఛేంజి, ఉంది. రూటింగ్ కీలో వరుసగా జిల్లా, మండలం, కేంద్రం, జరిగిన పని అనే నాలుగు మాటలు చుక్కలతో విడివిడిగా ఉంటాయి: ‘నల్లగొండ.తిప్పర్తి.కేంద్రం12.కాంటా’, ‘మహబూబ్‌నగర్.దేవరకద్ర.కేంద్రం4.ట్రక్‌షీట్’ అన్నట్లుగా. కొత్త కేంద్రం తెరిస్తే కొత్త కీ వస్తుంది తప్ప, బ్రోకర్‌లో కొత్తగా సృష్టించవలసింది ఏదీ ఉండదు.

టాపిక్ రకంలో నక్షత్రం గుర్తు సరిగ్గా ఒక్క మాటకు సరిపోతుంది. హ్యాష్ గుర్తు సున్నా మాటలకైనా, ఎన్ని మాటలకైనా సరిపోతుంది. నల్లగొండ జిల్లా మొత్తం చూడవలసిన తెర ‘నల్లగొండ.#’ అని బైండ్ చేసుకుంటుంది. ట్రక్ షీట్లు మాత్రమే కావలసిన మిల్లు ప్రోగ్రాము ‘*.*.*.ట్రక్‌షీట్’ అని బైండ్ చేసుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: రేపు ఎవరైనా కీలో ఐదో మాట చేర్చితే మూడు నక్షత్రాల నమూనా ఏ తప్పూ చూపకుండా సందేశాలను అందుకోవడం ఆపేస్తుంది. కీలోని మాటల సంఖ్యను మొదటి రోజే ఖాయం చేసుకుని రాసి పెట్టుకోండి. కేంద్రం పేరులోనే చుక్క ఉంటే దాన్ని తీసివేసి పంపండి.

మరి కొత్త ఎక్స్ఛేంజి ఎప్పుడు అవసరం? పంచే పద్ధతే వేరైనప్పుడు, అంటే ఒకచోట కీని చూసి పంచాలి, ఇంకొకచోట ఏ కీతో పనిలేకుండా అందరికీ పంపాలి అన్నప్పుడు. రాసే హక్కు వేర్వేరు మనుషులకు ఇవ్వవలసి వచ్చినప్పుడు. దారి దొరకని సందేశాలు వేర్వేరు చోట్లకు చేరవలసినప్పుడు. ఒక మిల్లు సమాచారం ఇంకొక మిల్లుకు ఏమాత్రం కనబడకూడదంటే దానికి ఎక్స్ఛేంజి కూడా సరైన గోడ కాదు. ఒక్కో మిల్లుకు విడిగా వర్చువల్ హోస్ట్, అంటే ఒకే బ్రోకర్‌లో ఎక్స్ఛేంజీలు, క్యూలు, హక్కులు వేరుగా ఉండే విభాగం, ఏర్పాటు చేయండి.

లక్షణాలను ఒకే చోట రాసి పెట్టుకోవడం

డిక్లేర్ చేసేటప్పుడు బ్రోకర్‌కు చెప్పవలసినవి ఇవి: పేరు, రకం, డ్యూరబుల్ అవునో కాదో, ఆటో డిలీట్ అవునో కాదో, ఇంటర్నల్ (ప్రోగ్రాములు నేరుగా సందేశం పంపలేనిది) అవునో కాదో, ఆపై అదనపు ఆర్గ్యుమెంట్లు. రకాలు నాలుగు: కీ అచ్చంగా కలిస్తేనే పంపే డైరెక్ట్, బైండ్ అయిన అన్నింటికీ పంపే ఫ్యాన్‌అవుట్, నమూనాతో పోల్చి పంపే టాపిక్, కీకి బదులు సందేశపు హెడర్లను చూసే హెడర్స్. ప్లగిన్‌లతో వచ్చే రకాలూ ఉన్నాయి గానీ, ఆ ప్లగిన్ బ్రోకర్‌లో ఎనేబుల్ అయి లేకపోతే డిక్లేర్ విఫలమవుతుంది. కాబట్టి మీ ప్రోగ్రాము వెళ్లే ప్రతి సర్వరులోనూ అది ఉందని నిర్ధారించుకున్నాకే వాటిని వాడండి.

పేరు ‘ఏఎంక్యూ’ అన్న అక్షరాలు, చుక్కతో మొదలు కాకూడదు. ఆ ముందుమాట బ్రోకర్ తన సొంతానికి ఉంచుకున్నది; దానితో కొత్త పేరు డిక్లేర్ చేయబోతే 403 అనే తిరస్కారం వస్తుంది. ఖాళీ పేరుతో ఒక డిఫాల్ట్ ఎక్స్ఛేంజి ఎప్పుడూ ఉంటుంది; ప్రతి క్యూ తన పేరుతోనే దానికి దానంతటదే బైండ్ అయి ఉంటుంది. దాన్ని డిక్లేర్ చేయలేరు, తొలగించలేరు, దానికి బైండింగులూ చేర్చలేరు.

డ్యూరబుల్ అన్న లక్షణాన్ని చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. ఎక్స్ఛేంజి డ్యూరబుల్ అయితే బ్రోకర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు ఆ ఎక్స్ఛేంజి ఉంటుంది, అంతవరకే. దాని గుండా వెళ్లిన సందేశం కూడా బతికి ఉండాలంటే ఆ సందేశం చేరిన క్యూ డ్యూరబుల్ అయి ఉండాలి, సందేశాన్ని పంపేటప్పుడే దాన్ని పర్సిస్టెంట్‌గా గుర్తించి ఉండాలి; ఆ గుర్తు డెలివరీ మోడ్ 2. బైండింగ్ నిలవాలన్నా రెండు కొసలూ, అంటే ఎక్స్ఛేంజీ క్యూ రెండూ, డ్యూరబుల్ కావాలి. కరెంటు పోయి వచ్చిన తర్వాత క్యూ ఉండి, అందులో పాత సందేశాలూ ఉండి, కొత్తవి మాత్రం చేరడం లేదంటే ఎక్స్ఛేంజి డ్యూరబుల్ కాకపోవడమే కారణం కావచ్చునని ముందుగా అనుమానించండి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన నియమానికి వద్దాం. అవే లక్షణాలతో అదే పేరును ఎన్నిసార్లు డిక్లేర్ చేసినా బ్రోకర్ సరేనంటుంది; మొదటిసారి సృష్టిస్తుంది, ఆ తర్వాత ఉన్నదాన్ని అలాగే ఉంచుతుంది. ఇరవై ప్రోగ్రాములు ఒకే క్షణంలో డిక్లేర్ చేసినా ప్రమాదం లేదు. అయితే ఒక్క లక్షణం తేడాగా ఉన్నా బ్రోకర్ 406 అనే తప్పు చూపించి, ఆ అభ్యర్థన వచ్చిన చానెల్‌ను, అంటే కనెక్షన్ లోపల తెరిచిన విడి దారిని, మూసివేస్తుంది. లక్షణాలను సర్దుబాటు చేయదు, పాతదాన్ని మార్చదు.

మేము ఈ దెబ్బ తిన్నాం. కాంటా ప్రోగ్రామును ఒకరు పైథాన్‌లో, మిల్లు తెరను మరొకరు జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో, ఎవరి ల్యాప్‌టాప్‌లో వారు సొంత బ్రోకర్ పెట్టుకుని రాశారు. ఇద్దరూ డ్యూరబుల్ సంగతి ప్రస్తావించకుండా డిఫాల్ట్‌కు వదిలేశారు. పైథాన్‌లోని పికా లైబ్రరీలో ఆ డిఫాల్ట్ ‘కాదు’. నోడ్‌లోని ఏఎంక్యూపీలిబ్‌లో అది ‘అవును’. అసలు సర్వరుపై మొదటి సాయంత్రం మిల్లు తెర ముందుగా మొదలై డ్యూరబుల్ ఎక్స్ఛేంజిని సృష్టించింది. ఆ తర్వాత మొదలైన కాంటా ప్రోగ్రాములన్నీ 406 అందుకుని, మూసుకుపోయిన చానెల్‌కు బదులు కొత్తది తెరిచి, మళ్లీ అదే తప్పుడు అభ్యర్థనను సెకనుకొకసారి పంపుతూ కూర్చున్నాయి. కేంద్రాల్లో వడ్ల కుప్పల ముందు నిలబడ్డ రైతుల తూకాలను ఆ రాత్రి సిబ్బంది కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. వారు పడ్డ ఆ శ్రమకు కారణం ఒక్క మాట రాయకపోవడమే.

అందువల్ల ఏ లైబ్రరీ డిఫాల్ట్‌నూ నమ్మకండి. జావా క్లయింట్‌లో పేరు, రకం మాత్రమే ఇచ్చే చిన్న రూపం కూడా డ్యూరబుల్ కాని ఎక్స్ఛేంజినే సృష్టిస్తుంది. జావాలోనే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌కు చెందిన స్ప్రింగ్ ఏఎంక్యూపీలో అదే పని డ్యూరబుల్‌గా జరుగుతుంది. ప్రతి లక్షణాన్నీ, ‘కాదు’ అన్నదాన్ని కూడా, పేరుపెట్టి రాయండి. ఆ రాతను ఒకే చోట ఉంచండి: అన్ని ప్రోగ్రాములూ ఒకే భాషలో ఉంటే అందరూ వాడే చిన్న మాడ్యూల్‌లో, వేర్వేరు భాషల్లో ఉంటే అన్నీ చదివే ఒక జేసన్ ఫైలులో. మా ఫైలులో ఉన్నది ఇంతే: పేరు ‘ధాన్యం.సమాచారం’, రకం టాపిక్, డ్యూరబుల్ అవును, ఆటో డిలీట్ కాదు, ఇంటర్నల్ కాదు, ఆర్గ్యుమెంట్లు లేవు.

ఆటో డిలీట్ గురించి కొంచెం. ఒక్కసారైనా బైండింగ్ ఏర్పడి, ఆ తర్వాత చివరి బైండింగ్ పోయినప్పుడు ఇటువంటి ఎక్స్ఛేంజి దానంతటదే తొలగిపోతుంది. ఏనాడూ ఎవరూ బైండ్ కాకపోతే అలాగే ఉండిపోతుంది. సీజను ముగిశాక శుభ్రం చేసే పని తప్పుతుందని దీన్ని కేంద్రాలకు వాడాలనిపిస్తుంది గానీ, మిల్లు కంప్యూటర్ ఒక్క నిమిషం ఆగిపోతే దాని తాత్కాలిక క్యూ పోయి, దానితో చివరి బైండింగ్ పోయి, దానితో ఎక్స్ఛేంజే పోయి, ఇటు పంపేవారికి తప్పు రావడం మొదలవుతుంది. తెర మూసేవరకే బతికే పనులకు తప్ప దీన్ని వాడవద్దని నా సలహా.

హక్కులు ఇవ్వడం

ర్యాబిట్‌ఎంక్యూలో ఒక్కో యూజర్‌కు, ఒక్కో వర్చువల్ హోస్ట్‌లో, కాన్ఫిగర్, రైట్, రీడ్ అని మూడు హక్కులు ఉంటాయి. ఒక్కోదాన్నీ పేర్లతో పోల్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా ఇస్తారు. ఎక్స్ఛేంజిని డిక్లేర్ చేయడానికి ఆ పేరుపై కాన్ఫిగర్ హక్కు కావాలి. అందులోకి సందేశం పంపడానికి రైట్ హక్కు కావాలి. క్యూను దానికి బైండ్ చేయడానికి క్యూపై రైట్, ఎక్స్ఛేంజిపై రీడ్ హక్కులు కావాలి. లేనప్పుడు 403 వచ్చి చానెల్ మూతపడుతుంది.

డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అన్నీ పనిచేసి సర్వరుపై చేయకపోవడానికి ఇంకొక కారణం గెస్ట్ యూజర్. అది డిఫాల్ట్‌గా అదే యంత్రం నుంచి మాత్రమే లాగిన్ కాగలదు. వేరే యంత్రం నుంచి రానివ్వదు. కాబట్టి ఒక్కో ప్రోగ్రాముకూ సొంత యూజర్‌ను సృష్టించండి. మేము సర్వరు పక్కన ఉండే మా సొంత ప్రోగ్రాములకు ‘ధాన్యం’ అన్న ముందుమాటతో మొదలయ్యే పేర్లపై మాత్రమే కాన్ఫిగర్ హక్కు ఇచ్చాం. మిల్లుల వారు రాసుకున్న ప్రోగ్రాములకు మన ఎక్స్ఛేంజిపై రీడ్ హక్కు మాత్రమే ఉంది; వారి సొంత క్యూలకు వారి మిల్లు ముందుమాటతో కాన్ఫిగర్, రైట్, రీడ్ మూడూ ఉన్నాయి. ఈ విభజన వల్ల బయటివారు ఎంత పొరపాటు చేసినా మన ఎక్స్ఛేంజి రూపం చెడదు.

హక్కు లేనివారు డిక్లేర్‌కు బదులు పాసివ్ డిక్లేర్ వాడాలి. ఇది దేన్నీ సృష్టించదు. ఆ పేరుతో ఎక్స్ఛేంజి ఉందో లేదో చూసి చెబుతుంది, దానికి కాన్ఫిగర్ హక్కు అవసరం లేదు. నోడ్‌లో దీనికి చెక్ ఎక్స్ఛేంజి అనే వేరే ఫంక్షనే ఉంది. లేకపోతే 404 వస్తుంది, చానెల్ మూతపడుతుంది. అందుకే ఇలా చూసే పనికి వేరే చానెల్ తెరిచి, పని కాగానే దాన్ని వదిలేయండి. సందేశాలు పంపే చానెల్‌పై ఈ పరీక్ష చేయకండి.

కోడ్‌లో వరుస

కనెక్షన్ తెరవండి, మామూలుగా పోర్టు 5672, టీఎల్‌ఎస్ వాడితే 5671. దానిపై ఒక చానెల్ తెరవండి. ఫైలులోని లక్షణాలతో ఎక్స్ఛేంజిని డిక్లేర్ చేసి, బ్రోకర్ నుంచి సరేనన్న జవాబు వచ్చేదాకా ఆగండి. తర్వాత క్యూను డిక్లేర్ చేయండి, తర్వాత బైండ్ చేయండి, ఆ తర్వాతే పంపడం గానీ అందుకోవడం గానీ మొదలుపెట్టండి. ఎక్స్ఛేంజి లేకుండా బైండ్ చేయబోతే 404 వస్తుంది కాబట్టి ఈ వరుస మారకూడదు. జవాబు కోసం ఆగనవసరం లేదని చెప్పే నో-వెయిట్ అనే వీలు ప్రోటోకాల్‌లో ఉంది. దాన్ని వాడకండి, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసే ఒకే ఒక్క అవకాశాన్ని మీ చేతులతో మీరే వదులుకున్నవారవుతారు.

ఈ పని కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఒక్కసారి జరగాలి. ప్రతి సందేశానికి ముందు డిక్లేర్ చేసే కోడ్‌ను నేను చాలాచోట్ల చూశాను. ‘ఎలాగూ ప్రమాదం లేదు కదా’ అన్నది వారి వాదన. ప్రమాదం లేని మాట నిజమే, కానీ ప్రతి డిక్లేర్‌కూ బ్రోకర్ దాకా వెళ్లి రావాలి. కేంద్రాల్లో మొబైల్ డేటా మీద నడిచే కంప్యూటర్‌కు ఆ రాకపోకలే భారం. పేరు ముందుగా తెలియని అరుదైన సందర్భంలో, ఈ కనెక్షన్‌పై ఇప్పటికే డిక్లేర్ చేసిన పేర్లను మెమరీలో ఒక జాబితాగా ఉంచుకుని, జాబితాలో లేనిదాన్నే డిక్లేర్ చేయండి. కనెక్షన్ తెగినప్పుడు ఆ జాబితాను ఖాళీ చేయండి. అటువంటి పేరును బయటి నుంచి వచ్చిన సమాచారంతో నేరుగా కూర్చకండి. ఆపరేటర్ టైపు చేసిన కేంద్రం పేరుతో ఎక్స్ఛేంజిని సృష్టిస్తే, ఒక అక్షరం తప్పు పడిన ప్రతిసారీ బ్రోకర్‌లో ఒక అనాథ ఎక్స్ఛేంజి మిగులుతుంది.

స్ప్రింగ్ వాడేవారికి ఈ వరుసంతా ర్యాబిట్ అడ్మిన్ చూసుకుంటుంది: కాన్ఫిగరేషన్‌లో బీన్లుగా రాసినవాటిని కనెక్షన్ తెరుచుకున్నప్పుడు అది డిక్లేర్ చేస్తుంది. అయితే మొదటి సందేశం పంపేదాకా కనెక్షనే తెరుచుకోకపోవచ్చు. ప్రోగ్రాము మొదలైనా మేనేజ్‌మెంట్ తెరపై ఎక్స్ఛేంజి కనబడలేదని కంగారు పడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తప్పు వచ్చినప్పుడు

చానెల్ మూతపడ్డాక అదే చానెల్‌పై ఇంకేమీ చేయలేరు, కొత్తది తెరవాలి. కానీ తెరవడానికి ముందు తప్పు సంఖ్య చూడండి. 406, 403 వచ్చాయంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం మారదు. కోడ్ గానీ, హక్కులు గానీ మనిషి సరిచేయవలసిందే. ప్రోగ్రాము అక్కడే ఆగి, బ్రోకర్ పంపిన పూర్తి వాక్యాన్ని లాగ్‌లో రాయాలి. ఏ లక్షణం తేడాగా ఉందో, ఉన్నది ఏమిటో, మీరు అడిగింది ఏమిటో ఆ వాక్యంలోనే ఉంటుంది. పాసివ్ డిక్లేర్‌కు 404 వస్తే మాత్రం అవతలి ప్రోగ్రాము ఇంకా మొదలు కాలేదేమో. కొన్ని సెకన్లు ఆగి, ఆ విరామాన్ని క్రమంగా పెంచుతూ, మళ్లీ చూడటం న్యాయమే.

ఒక సూక్ష్మం: లేని ఎక్స్ఛేంజికి సందేశం పంపితే, పంపిన ఆ లైనులోనే తప్పు రాకపోవచ్చు. పంపడానికి బ్రోకర్ జవాబు చెప్పదు కాబట్టి చానెల్ కాసేపటికి మూతపడుతుంది; దాని మీద చేసే తర్వాతి పనిలో తప్పు బయటపడుతుంది. దోషం లేని లైనును గంటలకొద్దీ పరీక్షించకుండా ఉండాలంటే చానెల్ మూసివేతకు విడిగా ఒక హ్యాండ్లర్ రాసి పెట్టుకోండి.

దారి దొరకని సందేశాలు

ఎక్స్ఛేంజి సరిగ్గా డిక్లేర్ అయినంత మాత్రాన సందేశం క్షేమంగా ఉందనుకోకూడదు. బైండ్ అయిన క్యూ ఒక్కటీ లేకపోతే, లేదా ఏ బైండింగూ ఆ కీకి సరిపోకపోతే, బ్రోకర్ ఆ సందేశాన్ని ఏ తప్పూ చూపకుండా పారవేస్తుంది. పంపేవారు ఉదయం ఆరింటికి మొదలై, అందుకునేవారి క్యూ పదింటికి సృష్టి అయితే, ఆ నాలుగు గంటల తూకాలు ఎక్కడా ఉండవు. ఎవరి క్యూను వారే ఏర్పరచుకోవడం మంచి పద్ధతే గానీ, పోగొట్టుకోకూడని సమాచారానికి అది చాలదు. మేము పంపే ప్రోగ్రాములోనే, ఎక్స్ఛేంజి తర్వాత, ‘ధాన్యం.ఖాతా’ అనే డ్యూరబుల్ క్యూను కూడా డిక్లేర్ చేసి హ్యాష్ గుర్తుతో బైండ్ చేస్తాం. మిల్లుల క్యూలు ఉన్నా లేకపోయినా ప్రతి తూకమూ ఖాతాలో పడుతుంది.

ఇంకా రెండు సాధనాలున్నాయి. పంపేటప్పుడు మాండేటరీ గుర్తు పెడితే, దారి దొరకని సందేశాన్ని బ్రోకర్ 312 అన్న సంఖ్యతో తిప్పి పంపుతుంది. దాన్ని అందుకునే హ్యాండ్లర్ మీరు రాయాలి. పంపిన సందేశం అందిందని బ్రోకర్ చెప్పే పబ్లిషర్ కన్ఫర్మ్ ఒక్కటే పెట్టుకుని ధైర్యంగా ఉండకండి: దారి లేక పారవేసిన సందేశానికి కూడా బ్రోకర్ ‘అందింది’ అనే కన్ఫర్మ్ చేస్తుంది. మాండేటరీ ఉంటే ముందు తిరుగుటపా వస్తుంది, తర్వాత కన్ఫర్మ్ వస్తుంది. పికాలో బ్లాకింగ్ కనెక్షన్‌పై ఈ రెండూ కలిపి పెడితే పంపిన లైనులోనే ఎక్సెప్షన్ వస్తుంది. చిన్న ప్రోగ్రాములకు ఇదే సులువు.

రెండో సాధనం ఆల్టర్నేట్ ఎక్స్ఛేంజి. ‘ధాన్యం.దారితప్పినవి’ అని ఒక ఫ్యాన్‌అవుట్ ఎక్స్ఛేంజిని, దానికొక క్యూను ఏర్పరచి, ప్రధాన ఎక్స్ఛేంజికి దాన్ని ప్రత్యామ్నాయంగా చూపిస్తే, దారి దొరకనివన్నీ అక్కడ చేరతాయి. అలా చేరినది దారి దొరికినట్లే లెక్క, కాబట్టి మాండేటరీ తిరుగుటపా రాదు. హ్యాష్‌తో బైండ్ అయిన ఖాతా క్యూ ఉన్నంతకాలం అన్నింటికీ దారి దొరుకుతూనే ఉంటుంది గనుక ఈ రెండు సాధనాలూ పలకవు. ఆ క్యూ బైండింగ్‌ను ఎవరైనా పొరపాటున తీసివేసిన రోజున మిమ్మల్ని కాపాడేవి ఇవే. ఆల్టర్నేట్ ఎక్స్ఛేంజిని కోడ్‌లో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వవచ్చు గానీ, బ్రోకర్‌లో పాలసీగా, అంటే పేర్ల నమూనాను బట్టి సర్వరుపైనే పెట్టే నియమంగా, పెట్టడం మేలు. ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే అది లక్షణాల్లో భాగమైపోతుంది. మార్చాలంటే మళ్లీ 406. పాలసీని ఎప్పుడైనా, ఏ ప్రోగ్రామునూ ఆపకుండా మార్చవచ్చు. మా ఫైలులో ఆర్గ్యుమెంట్లు లేవని పైన రాసింది అందుకే.

కనెక్షన్ తెగి మళ్లీ కలిసినప్పుడు

గాలివాన వస్తే కల్లాల మీద టార్పాలిన్లు కప్పే హడావిడిలో కరెంటు కూడా పోతుంది. జావా క్లయింట్ 4.0 నుంచి, తెగిన కనెక్షన్‌ను తిరిగి కలపడమే కాక, తాను డిక్లేర్ చేసిన ఎక్స్ఛేంజీలను, క్యూలను, బైండింగులను మళ్లీ డిక్లేర్ చేయడం కూడా డిఫాల్ట్‌గా చేస్తుంది. పికా ఇందులో ఏదీ చేయదు. ఏఎంక్యూపీలిబ్ కూడా చేయదు. వాటిని వాడేవారు కనెక్షన్ తెరవడం, డిక్లేర్ చేయడం, బైండ్ చేయడం అనే మూడింటినీ ఒకే ఫంక్షన్‌లో ఉంచి, మొదటిసారైనా పదోసారైనా అదే ఫంక్షన్‌ను పిలవాలి. మొదటిసారికి ఒక దారి, తిరిగి కలిసినప్పుడు ఇంకొక దారి రాస్తే, రెండో దారిని ఎవరూ పరీక్షించరు.

మార్చడం, తొలగించడం

ఎక్స్ఛేంజి రకాన్ని గానీ, డ్యూరబుల్ లక్షణాన్ని గానీ ఉన్నచోటనే మార్చే వీలు లేదు. తొలగించి మళ్లీ సృష్టించడం తేలికగా కనబడుతుంది, కానీ తొలగించగానే దాని బైండింగులన్నీ పోతాయి. పంపేవారందరికీ 404 మొదలవుతుంది. దానికి బదులు కొత్త పేరుతో, ‘ధాన్యం.సమాచారం.2’ అన్నట్లుగా, కొత్త లక్షణాలతో డిక్లేర్ చేయండి. పాత ఎక్స్ఛేంజి నుంచి కొత్త ఎక్స్ఛేంజికి హ్యాష్‌తో బైండింగ్ వేయండి. ర్యాబిట్‌ఎంక్యూ ఎక్స్ఛేంజి నుంచి ఎక్స్ఛేంజికి బైండింగ్‌ను అనుమతిస్తుంది. తర్వాత అందుకునేవారి క్యూలను ఒక్కొక్కటిగా కొత్తదానికి బైండ్ చేయండి. ఒకే క్యూ రెండింటికీ బైండ్ అయి ఉన్న మధ్యకాలంలో సందేశం రెండుసార్లు వస్తుందేమోనన్న భయం అక్కరలేదు: ఒకసారి పంపిన సందేశం ఎన్ని దారుల్లో చేరినా క్యూకు ఒక్క ప్రతే అందుతుంది. క్యూలన్నీ మారాక పంపేవారిని కొత్త పేరుకు మార్చండి. చివరగా పాతదాన్నుంచి బైండింగులు తీసివేసి, ‘వాడకంలో లేకపోతేనే’ అన్న షరతుతో తొలగించండి. బైండింగ్ ఇంకా ఏదైనా మిగిలి ఉంటే బ్రోకర్ ఒప్పుకోదు.

సర్వరుకు పంపే ముందు నాలుగు పరీక్షలు చేయండి. ఖాళీ బ్రోకర్‌పై ప్రోగ్రామును రెండుసార్లు మొదలుపెట్టండి. రెండోసారి కూడా ఏ తప్పూ రాకూడదు. డ్యూరబుల్ లక్షణాన్ని కావాలని తిప్పి డిక్లేర్ చేసి, ప్రోగ్రాము 406ను లాగ్‌లో రాసి ఆగిందో, పిచ్చిగా తిరుగుతూ ఉందో చూడండి. ప్రోగ్రాము నడుస్తుండగా బ్రోకర్‌ను ఆపి మొదలుపెట్టి, పర్సిస్టెంట్ సందేశాలు ఖాతాలో అలాగే ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. అన్ని భాషల్లోని ప్రోగ్రాములనూ ఒకే బ్రోకర్‌పై, ఒకసారి ఒక వరుసలో, మరోసారి తిరగేసిన వరుసలో మొదలుపెట్టండి. ఈ నాలుగోది మేము ముందే చేసి ఉంటే ఆ రాత్రి కాగితాల అవసరం వచ్చేది కాదు.

ఇప్పుడు ప్రతి వానాకాలం, ప్రతి యాసంగి కొనుగోళ్లకు వారం ముందు మేము సర్వరుపై ర్యాబిట్‌ఎంక్యూసీటీఎల్ సాధనంతో ఎక్స్ఛేంజీల జాబితాను పేరు, రకం, డ్యూరబుల్, ఆటో డిలీట్, ఆర్గ్యుమెంట్లతో సహా తీసి, ఫైలులో రాసుకున్నదానితో వరుసగా పోల్చి చూస్తాం. ఫైలులో లేని పేరు ఏదైనా కనబడితే, దాన్ని ఎవరు డిక్లేర్ చేశారో తేలేదాకా కాంటా ప్రోగ్రామును కేంద్రాలకు పంపం.